అప్‌గ్రేడ్ తర్వాత డైరెక్టరీ స్క్రిప్టుల జవాబులు సరిచూడాలి

సంపాదకులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ జరిగిన మర్నాడు ‘లాగిన్ కావడం లేదు’, ‘జాబితాలో నా పేరు లేదు’ అంటూ ఫిర్యాదులు మొదలవడం సాంకేతిక విభాగాల్లో పనిచేసేవారికి కొత్త కాదు. వాటిలో కొన్నింటికి మూలం, ఖాతాల వివరాలు భద్రపరిచే డైరెక్టరీ సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చే స్క్రిప్టు అనే ఒక చిన్న ప్రోగ్రాము. ఎప్పుడో ఎవరో రాసిపెట్టి వెళ్లిన ఆ కొద్ది వరుసల మీదే కొత్తగా చేరినవారికి ఈమెయిల్ ఇవ్వడం, మానేసినవారి ఖాతా మూసేయడం వంటి పనులు ఆధారపడి ఉంటాయి. స్క్రిప్టు ఆగిపోతే అందరూ పరుగులు పెడతారు. ఆగకుండానే తప్పు జవాబు ఇస్తుంటే మాత్రం ఎవరూ గమనించరు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ రెండోదే.

నిజానికి డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డాప్ పద్ధతి పెద్దగా మారలేదు. దాని మూడో వెర్షన్ 1997లో వచ్చింది, 2006లో ప్రమాణ పత్రాలను సవరించారు, నేటికీ అదే నడుస్తోంది. మారేవల్లా దాని చుట్టూ ఉండే లైబ్రరీలు (స్క్రిప్టులు వాడుకునే సిద్ధ కోడ్), భద్రతా నియమాలు, కమాండ్ల ఆప్షన్లు. ఉదాహరణకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో 8.1 వెర్షన్‌కు ముందు, సర్వర్‌తో కలిపే ఎల్‌డాప్ కనెక్ట్ ఫంక్షన్ ‘రిసోర్స్’ రకం విలువను తిరిగి ఇచ్చేది, ఆ వెర్షన్ నుంచి ఆబ్జెక్టును ఇస్తోంది. పాత స్క్రిప్టులో ‘ఈజ్ రిసోర్స్’ అనే పరీక్ష ఉంటే, అంతా సవ్యంగా ఉన్నా అనుసంధానం విఫలమైందని తేల్చి అక్కడే ఆగిపోతుంది. లోపం కోసం సర్వర్ లాగ్‌లు ఎంత తిరగేసినా దొరకదు. పైథాన్ భాషలో 2 నుంచి 3కు మారినచోట మరో రకం చిక్కు ఉంది. డైరెక్టరీ నుంచి వచ్చే విలువలు బైట్ల (ముడి సంఖ్యల) రూపంలో ఉంటాయి కాబట్టి, వాటిని మామూలు అక్షరాలతో పోల్చే పాత వరుస ఎప్పటికీ ‘కాదు’ అనే చెబుతుంది, మామూలుగా ఎర్రర్ కూడా చూపదు.

అందుకే స్క్రిప్టును ముట్టుకోకముందే, అది నడిచే యంత్రం నుంచే, అది వాడే ఖాతాతోనే, అదే ప్రశ్నను ఎల్‌డాప్‌సెర్చ్ వంటి పనిముట్టుతో చేత్తో అడిగి చూడాలి. (ఆ పనిముట్టు కూడా మారింది. సర్వర్ పేరును, పోర్టును విడివిడిగా ఇచ్చే పాత ఆప్షన్లు ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఉచిత డైరెక్టరీ సాఫ్ట్‌వేర్ ఇటీవలి వెర్షన్లలో లేవు, చిరునామా మొత్తాన్ని పెద్ద హెచ్ (-H) ఆప్షన్‌తో ఇవ్వాలి.) జవాబు సరిగ్గా వస్తే లోపం స్క్రిప్టులోనో లైబ్రరీలోనో ఉన్నట్టు, రాకపోతే ఎర్రర్ సంఖ్య దారి చూపుతుంది. 32 వస్తే వెతకమన్న చోటు డైరెక్టరీలో లేదని, 8 వస్తే మరింత భద్రమైన అనుసంధానం కావాలని సర్వర్ అడుగుతోందని అర్థం. విండోస్ సర్వర్ 2025తో కొత్తగా నెలకొల్పిన యాక్టివ్ డైరెక్టరీలలో (మైక్రోసాఫ్ట్ వారి డైరెక్టరీ సర్వర్లలో) ఎల్‌డాప్ సైనింగ్ (సందేశాలు దారిలో మారలేదని చూపే సంతకం) డిఫాల్ట్‌గానే తప్పనిసరి కనుక, 8 ఇకమీదట తరచుగానే ఎదురుకావచ్చు. 49 (లాగిన్ తిరస్కరణ) కనబడగానే పాస్‌వర్డ్ మార్చేసే అలవాటు మాత్రం మానుకోవాలి. యాక్టివ్ డైరెక్టరీ ఆ సందేశంలోనే అసలు కారణాన్ని మరో కోడ్‌గా చెబుతుంది: 52ఈ అయితే వివరాలు తప్పు, 532 అయితే పాస్‌వర్డ్ గడువు తీరింది, 775 అయితే ఖాతా లాక్ అయింది. ఆ ఖాతాను వాడే మిగతా స్క్రిప్టులేవో తెలియకుండా పాస్‌వర్డ్ మారిస్తే అవి కూడా ఆగిపోతాయి.

ఇంతకంటే హానికరమైన అలవాటు, సర్వర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్ తనిఖీని తీసేయడం. ఉదాహరణకు జావా భాషలో 2018 జులై అప్‌డేట్ నుంచి, సర్టిఫికెట్‌లోని పేరు సర్వర్ పేరుతో సరిపోతేనే ఎల్‌డాప్స్ (గుప్తీకరించిన ఎల్‌డాప్) అనుసంధానం కుదురుతోంది. దాంతో అప్పటిదాకా ఐపీ చిరునామాతో నడిచిన ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగాయి. ఇలాంటప్పుడు ‘తనిఖీ వద్దు’ అని ఒక్క వరుస చేరిస్తే పని జరిగిపోతుంది కానీ, ఆ క్షణం నుంచి సర్వర్‌నని చెప్పుకునే ఎవరికైనా ఆ స్క్రిప్టు తన పాస్‌వర్డ్‌ను అప్పగిస్తుంది. సర్టిఫికెట్ జారీచేసిన సంస్థ రూట్ సర్టిఫికెట్‌ను యంత్రంలో చేర్చి, సర్వర్‌ను సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే పిలవడం అంతకంటే పెద్ద శ్రమేమీ కాదు. తాత్కాలికమని చేర్చిన ఆ వరుసను తర్వాత గుర్తుపెట్టుకుని తీసేసేవారు అరుదు.

ఇక మొదట చెప్పిన తప్పు జవాబుల విషయం. యాక్టివ్ డైరెక్టరీ ఒక ప్రశ్నకు ఒక విడతలో డిఫాల్ట్‌గా 1000 ఫలితాలే ఇస్తుంది, ఓపెన్‌ఎల్‌డాప్ 500 ఇస్తుంది. మిగతావి కావాలంటే యాక్టివ్ డైరెక్టరీని పేజీలవారీగా అడగాలి, ఓపెన్‌ఎల్‌డాప్‌లోనైతే ఆ ఖాతాకు పరిమితి కూడా పెంచాలి. పీహెచ్‌పీలో అందుకు వాడిన పాత ఫంక్షన్లను 8.0లో తీసేశారు. ఎర్రర్ పోవడానికి ఎవరైనా ఆ వరుసలను మాత్రమే చెరిపేస్తే స్క్రిప్టు చక్కగా నడుస్తుంది, 1000 పేర్లు తెస్తుంది, తక్కినవారు లేనట్టే అవుతారు. 1500 మందికి మించిన గ్రూపును అడిగినప్పుడు సభ్యుల పేర్లుండే ‘మెంబర్’ గడి ఖాళీగా కనిపించి, పేర్లు ‘రేంజ్ 0 నుంచి 1499’ అనే గుర్తు తగిలించిన వేరే పేరు కింద వస్తాయి. ఆ సంగతి తెలియని స్క్రిప్టు గ్రూపులో ఎవరూ లేరనుకుంటుంది. గ్రూపులో లేనివారి ఖాతాలను మూసేయడమే ఆ స్క్రిప్టు పని అయితే ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

కనుక సంస్థల నిర్వాహకులను నేను కోరేది ఇది. అప్‌గ్రేడ్‌కు ముందు ప్రతి స్క్రిప్టు ఇచ్చే జవాబును ఒక ఫైలులో భద్రపరిచి, తర్వాత వచ్చిన జవాబుతో వరుస వరుసా పోల్చి చూసేదాకా పని పూర్తయినట్టు సంతకం చేయవద్దు. ఫలితాల సంఖ్య సరిగ్గా 500, 1000, 1500 అని గుండుగుత్తగా వస్తే మొదట అనుమానించండి. ఖాతాలను మూసే స్క్రిప్టులైతే, ముందురోజుతో పోలిస్తే పేర్ల సంఖ్య బాగా పడిపోయినప్పుడు ఏ మార్పూ చేయకుండా తమంతట తామే ఆగి, బాధ్యులకు కబురు పంపేలా రాయించండి. ఆ బాధ్యులెవరన్నది స్క్రిప్టు మొదటి వరుసలోనే పేరుతో సహా ఉండాలి.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్