రోజువారీ చిరాకులకు ఓపిక లేకపోవడమే కారణమా?

సంపాదకులకు నమస్కారం.

ఈ కాలపు మనుషులకు ఓపిక నశించిందని, చిన్న చిన్న విషయాలకే చిర్రుబుర్రులాడుతున్నారని తరచుగా వింటుంటాం, పత్రికల్లోనూ చదువుతుంటాం. ఫోనులో కాసేపు ఆగమంటే విసుక్కుంటారని, పక్కవాళ్లు నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే సహించలేరని, పాస్‌వర్డ్ మార్చుకోమన్నా కోపం తెచ్చుకుంటారని ఆ విమర్శల సారాంశం. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మన రోజువారీ చిరాకుల్లో చాలా భాగం మనిషి స్వభావంలో పుట్టినవి కావు. అవి ఎక్కడో ఎవరో తీసుకున్న నిర్ణయాల వల్ల పుట్టాయి. వాటిని తగ్గించే మార్గాలు కూడా దశాబ్దాలుగా తెలిసినవే. ఈ సంగతి చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

అసలు వీటిని చిన్న విషయాలని కొట్టిపారేయవచ్చా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే అమెరికన్ మనోవైద్యులు మనిషి జీవితంలో ఎదురయ్యే 43 సంఘటనలను ఏరి, వాటికి సర్దుకోవడం ఎంత కష్టమో దాన్ని బట్టి ఒక్కో దానికి కొన్ని పాయింట్లు కేటాయించారు. జీవిత భాగస్వామి మరణానికి 100, చిన్నపాటి చట్ట ఉల్లంఘనకు 11. ఒత్తిడి అంటే ఇలాంటి సంఘటనల వల్ల వచ్చేదేనన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. 1981లో అలెన్ కానర్, రిచర్డ్ లాజరస్, వారి సహచరులు దీన్ని మరో వైపు నుంచి పరీక్షించారు. వస్తువులు ఎక్కడో పెట్టి మరచిపోవడం, చేయాల్సిన పనులు మరీ ఎక్కువ కావడం, ధరలు పెరగడం వంటి 117 రోజువారీ చికాకులతో ఒక పట్టిక తయారు చేసి, నడివయసు వారి చేత నెలకోసారి చొప్పున పది నెలల పాటు దాన్ని నింపించారు. మానసిక ఇబ్బందుల లక్షణాలను ముందుగా అంచనా వేయడంలో పెద్ద సంఘటనల పట్టిక కంటే ఈ చికాకుల పట్టికే మెరుగ్గా పనిచేసిందని వారు గుర్తించారు. పెద్ద కష్టం వచ్చినప్పుడు పదిమంది వచ్చి పలకరిస్తారు, పనులు పంచుకుంటారు. రోజూ ఎదురయ్యే చికాకు గురించి చెప్పుకుంటే మాత్రం ఇదీ ఒక సమస్యేనా అన్నట్టు చూస్తారు, దాంతో మనిషి దాన్ని ఒంటరిగానే భరించాలి.

కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసినప్పుడు జరిగేది కాస్త దగ్గరగా చూడండి. ముందు భాష ఎంచుకోమంటారు. తర్వాత ఒకటి నొక్కితే ఇది, రెండు నొక్కితే అది అంటూ ఒక జాబితా వినిపిస్తుంది. మన సమస్య అందులో దేనికీ సరిగ్గా చెందదు కాబట్టి చివరి అంకె దాకా వింటాం, అప్పటికి మొదటి అంకె దేనికో మరచిపోతాం. ఏదో ఒకటి నొక్కితే మరో జాబితా. ఖాతా నంబరు నొక్కమంటారు, నొక్కుతాం. ఆ తరువాత సంగీతం మొదలవుతుంది. కొంతసేపటికి అది ఆగి ఒక గొంతు వినిపించగానే చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటాం. తీరా చూస్తే అది మనిషి గొంతు కాదు, 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి' అనే రికార్డు. మళ్లీ అదే సంగీతం. చివరికి నిజంగా ఒక మనిషి పలికితే, మొట్టమొదట అడిగేది మనం ఇందాక నొక్కిన ఖాతా నంబరునే. వేరే విభాగానికి కలుపుతామని చెబితే, మధ్యలో లైను తెగిపోతుందేమోనని గుండెల్లో గుబులు మొదలవుతుంది, ఎందుకంటే తెగిపోతే అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఈ మొత్తం వ్యవహారంలో మనల్ని బాధపెట్టేది పోయిన సమయం ఒక్కటే కాదు. అది ఎంతసేపు పడుతుందో, అసలు పని అవుతుందో లేదో తెలియకపోవడం అంతకంటే ఎక్కువగా బాధిస్తుంది. వరుసల్లో నిలబడేవారి మనస్తత్వం గురించి 1985లో డేవిడ్ మైస్టర్ రాసిన వ్యాసం నిర్వహణ శాస్త్రం చదివేవారికి బాగా పరిచయమైనది. ఎంతసేపో తెలిసిన నిరీక్షణ కంటే తెలియనిది ఎక్కువసేపుగా అనిపిస్తుందని, కారణం చెప్పని ఆలస్యం కారణం చెప్పిన ఆలస్యం కంటే భారంగా ఉంటుందని, ఆందోళన తోడైతే నిమిషాలు మరింత సాగుతాయని ఆయన అందులో విడమరచి చెప్పారు. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మంది చేత ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి చురుక్కుమనే విద్యుత్ షాక్ తగులుతుంది. చెమటనూ కంటిపాప విప్పారడాన్నీ కొలిచి చూస్తే, షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సమాన అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. కష్టం ఖాయమని తెలిస్తే మనసు దానికి సిద్ధపడుతుంది, అవునో కాదో తేలనప్పుడే అది కుదురుగా ఉండలేదు. లైనులో వేచి ఉన్న మనిషిది సరిగ్గా ఇదే స్థితి. ఫోను పెట్టేస్తే ఇప్పటిదాకా ఆగిందంతా వృథా అవుతుంది, పెట్టకుండా ఉంటే ఇంకెంతసేపో తెలియదు.

ఎంతమంది ఫోన్ చేస్తే ఎంతమంది సిబ్బంది కావాలో లెక్కగట్టడం కొత్త విద్య కూడా కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఈ విషయం మీద తన మొదటి పత్రాన్ని 1909లోనే ప్రచురించారు. 1917 నాటికి అందుకు సూత్రాలు కూడా ఇచ్చారు. ఆయన వేసిన పునాది మీదనే కాల్ సెంటర్లు ఈనాటికీ సిబ్బంది అంచనాలు వేసుకుంటున్నాయి. కాబట్టి రోజుల తరబడి, అన్ని వేళలా, 'ప్రస్తుతం కాల్స్ అధికంగా ఉన్నాయి' అనే మాట వినిపిస్తుంటే, దాన్ని అనుకోని రద్దీగా ఒప్పుకోలేం. వినియోగదారుడి సమయానికి లెక్కల పుస్తకంలో విలువ లేదు కాబట్టి తక్కువ మందితోనే నెట్టుకొద్దామని ఎవరో నిర్ణయించారని అర్థం. ఇందులో ఫోనెత్తే ఉద్యోగి తప్పు ఏమీ లేదని కూడా చెప్పాలి. మన కోపమంతా పడేది ఆ మనిషి మీద, నిర్ణయం తీసుకున్నవారు ఆ గొంతు వినపడనంత దూరంలో ఉంటారు.

ఇక బస్సుల్లో, రైళ్లలో, ఆసుపత్రి వరండాల్లో ఫోన్ మాట్లాడేవారి విషయం. పక్కన కూర్చున్న ఇద్దరు కబుర్లు చెప్పుకుంటుంటే చదువుకోగలిగిన మనిషి, ఒక్కరే ఫోనులో మాట్లాడుతుంటే ఎందుకు చదవలేకపోతాడు? 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్ ఎంబర్సన్ బృందం దీన్ని పరీక్షించింది. సంభాషణ రెండు వైపులా వినిపించినప్పుడు చేస్తున్న పని దెబ్బతినలేదు, ఒక వైపు మాటలే వినిపించినప్పుడు శ్రద్ధ స్పష్టంగా తగ్గింది. అవతలి మాట వినపడదు కాబట్టి ఇవతలి మాట ఎప్పుడు వస్తుందో, ఏమని వస్తుందో మన మెదడు ఊహించలేదు. ఊహించడం మానుకోనూ లేదు. అలాగైతే స్పీకర్ ఆన్ చేసి మాట్లాడితే మేలు కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ చిన్న స్పీకర్లో అవతలి గొంతు గరగరమని సగం వినపడి సగం వినపడదు, పైగా ఇవతలివారు గొంతు మరింత పెంచుతారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా వీడియోలు ఒకదాని వెంట ఒకటి పెట్టి చూసేవారి వల్ల కలిగే బాధ కూడా ఇలాంటిదే. పది సెకన్లకో పాట, ఐదు సెకన్లకో నవ్వు, మధ్యలో ఒక కేక. ఏది ఎప్పుడు మారుతుందో తెలియదు, ఆపమనే హక్కు మనకు ఉన్నట్టూ అనిపించదు.

డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ చేసిన ప్రయోగాలు నాకు ఎంతో విలువైనవిగా తోస్తాయి. 1972లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో వారు కొందరికి వేళాపాళా లేకుండా పెద్ద శబ్దాలు వినిపించారు. వారిలో కొంతమందికి ఒక బటన్ ఇచ్చి, మరీ భరించలేకపోతే నొక్కండి, శబ్దం ఆగిపోతుంది, కానీ వీలైనంత వరకు నొక్కకుండా ఉండటమే మాకు ఇష్టం అని చెప్పారు. వారు నొక్కలేదు, శబ్దం అందరికీ ఒకేలా వినిపించింది. అయినా ఆ తరువాత ఇచ్చిన పనుల్లో, ముఖ్యంగా ఎంత ప్రయత్నించినా తేలని చిక్కుముడులను పట్టు వదలకుండా ప్రయత్నించడంలో, బటన్ ఉన్నవారే నయమనిపించారు. బటన్ లేనివారు తొందరగా చేతులెత్తేశారు. శబ్దం ఎంత పెద్దదన్న దానితో పాటు దాన్ని ఆపే మార్గం మన చేతిలో ఉందా లేదా అన్నది కూడా అంతే ముఖ్యమని దీన్ని బట్టి తెలుస్తుంది. ఉదయమంతా ఎవరి ఓపికైతే ఇలా హరించుకుపోయిందో, ఆ మనిషే సాయంత్రం ఇంట్లో చిన్న మాటకు విరుచుకుపడితే, దాన్ని ఆ మనిషి గుణం కింద జమ కట్టడం న్యాయం కాదు.

కొందరికి పక్కవారు నమిలే శబ్దం, ముక్కు ఎగపీల్చడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం ఏమాత్రం భరించలేని సంగతి. ఇంట్లో వాళ్లే దీన్ని చాదస్తమంటారు. మిసోఫోనియా అని పిలిచే ఈ స్థితిలో ఉన్నవారి మెదడును 2017లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కానింగ్ చేసి చూసినప్పుడు, ఆ శబ్దాలు విన్నప్పుడు భావోద్వేగాలతో సంబంధమున్న ఒక భాగం ఇతరుల కంటే ఎంతో ఎక్కువగా స్పందించింది, గుండె వేగమూ పెరిగింది. ఇలాంటివారిని ఎగతాళి చేయకుండా ఉండటానికి ఎవరికీ ఖర్చేమీ కాదు.

పాస్‌వర్డ్‌ల విషయంలో జరిగిన అన్యాయం మరీ స్పష్టమైనది. పెద్ద అక్షరం ఒకటి, అంకె ఒకటి, ప్రత్యేక గుర్తు ఒకటి ఉండాలి, కొన్నాళ్లకోసారి మార్చాలి అనే నియమాలు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల ద్వారా బాగా వ్యాపించాయి. వాటి వల్ల భద్రత పెరగకపోగా, జనం పాత పాస్‌వర్డ్‌కే చివర ఒక అంకె మార్చి సరిపెట్టుకుంటున్నారని తేలింది. వాటిని రాసిన బిల్ బర్ స్వయంగా విచారం వెలిబుచ్చారు, 2017లో నిస్ట్ తన సలహాను మార్చుకుంది. లీకైందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని, గుర్తుల నిబంధనలు పెట్టవద్దని, పొడవైన పాస్‌వర్డ్‌లను అనుమతించాలని చెప్పింది. ఇన్నేళ్లు గడిచినా ఎన్నో సంస్థల తెరల మీద పాత నియమాలే రాజ్యమేలుతున్నాయి. అవి కూడా ముందుగా చెప్పరు. ఒకటి రాస్తే పెద్ద అక్షరం లేదంటారు, అది చేర్చితే గుర్తు లేదంటారు, గుర్తు పెడితే ఆ గుర్తు చెల్లదంటారు, అన్నీ సరిచేసి రాస్తే ఇది ఇంతకు ముందు వాడినదే అంటారు. ఈలోగా సమయం మించిపోయిందని బయటకు పంపేస్తారు. కళ్లు సరిగా కనపడని పెద్దవారు ఈ తెర ముందు కూర్చుని, తమకే తెలివి లేదేమోనని కుంగిపోవడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

ఇక్కడి నుంచే ఒక కొత్త భయం కూడా మొదలైంది. బ్యాంకుకూ ఇతర పనులకూ ఓటీపీ వచ్చేది ఒకే ఫోనుకు. అది పోతే సొమ్మూ పోతుందేమో, మనం మనమేనని నిరూపించుకునే దారి కూడా మూసుకుపోతుందేమో అన్న ఆందోళన చాలామందిలో ఉంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తాలంటే మోసగాళ్లేమోనని భయం, ఎత్తకపోతే ఆసుపత్రి నుంచో పిల్లల బడి నుంచో వచ్చిందేమోనని మరో భయం. ఈ భయాలను పిరికితనం అనకూడదు. సేవలు అందించేవారు ప్రతిదాన్నీ ఒకే పరికరానికి కట్టి, అది పోయినప్పుడు ఏం చేయాలో చెప్పకుండా వదిలేసినందువల్ల కలిగినవివి.

కాబట్టి మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. వినియోగదారులతో ఫోనులో మాట్లాడే ప్రతి సంస్థా ఎంతసేపు ఆగాలో మొదటే చెప్పాలి. ఆగలేనివారికి వరుసలో స్థానం పోకుండా తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి. మనిషితో మాట్లాడే అంకెను మొదటి జాబితాలోనే చేర్చాలి, ఒకసారి నొక్కిన వివరాలను మళ్లీ అడగకూడదు. పాస్‌వర్డ్ నియమాలన్నీ రాయడానికి ముందే తెర మీద కనపడాలి, ఫోను పోయినవారు ఏం చేయాలో ఒక్క పేజీలో సులభమైన మాటల్లో ఉండాలి. ప్రయాణికుల వాహనాల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా వీడియోలు పెట్టవద్దని బోర్డు పెట్టడంతో సరిపెట్టకుండా, ఆ మాట చెప్పే బాధ్యతను సిబ్బందికి అప్పగించాలి. అలా చేస్తే పక్క సీటులోని మనిషి తగవు పడాల్సిన అవసరం ఉండదు. పత్రికలు కొత్త సేవలను పరిచయం చేసేటప్పుడు వాటి హంగులతో పాటు, సమస్య వస్తే ఎవరితో మాట్లాడాలి, ఎంతసేపట్లో పలుకుతారు, వద్దనుకుంటే చేరినంత సులభంగా బయటపడవచ్చా అనే మూడు ప్రశ్నలకు కూడా ఆయా సంస్థల నుంచి జవాబులు రాబట్టి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు