సగంలో ఆగిన స్వెటర్లు, మీ ఆర్డర్ల సంగతి

కావలిలో మా దగ్గర ఊలు అల్లిక, క్రోషే, చీర కుచ్చులు చేయించుకునే అందరికీ నమస్కారం.

దసరాకీ దీపావళికీ మధ్య ఆర్డర్లిచ్చినవాళ్ళు "ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడుగుతున్నారు. అడగడం న్యాయమే. ఒక్కొక్కరికీ "అయిపోవచ్చిందండీ" అని చెప్పుకుంటూ పోకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాం. ఇవాళ్టికి సూదుల మీద పదకొండు పనులున్నాయి: పసిపిల్లల స్వెటర్లు ఆరు, పెద్దవాళ్ళవి రెండు, కాటన్ శాలువా ఒకటి, మేజోళ్ళు రెండు జతలు. ఇవిగాక క్రోషే తోరణాలు రెండు, కుచ్చులు కట్టాల్సిన పట్టుచీరలు ఐదు. అల్లేది నలుగురం. ఒకటి దించకుండానే ఇంకొకటి ఎక్కించాం. ఆలస్యానికి అసలు కారణం అదే, తప్పు మాదే.

లెక్క చూపిస్తే మీకే తెలుస్తుంది. ఆరు నెలల బిడ్డకు ఫోర్ ప్లై అనే సన్న ఊలుతో, పది నంబరు సూదులతో, అంటే 3.25 మిల్లీమీటర్ల సూదులతో అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పుకి 28 కుట్లు, 10 సెంటీమీటర్ల పొడవుకి 36 వరసలు పడతాయి. ఛాతీ చుట్టూ 50 సెంటీమీటర్లు, పొడవు 26 అనుకుంటే ఒళ్ళు భాగానికి 140 కుట్లు, 94 వరసలు. అక్కడికే 13,000 పైచిలుకు కుట్లు. చేతులు రెండిటికీ ఇంకో 5,000. నిమిషానికి 20 కుట్లు ఆగకుండా అల్లినా పదిహేను గంటలు. అతుకులు, మెడపట్టీ, గుండీలు, దారపు కొసలు లోపలికి దూర్చడం కలిపితే పదిహేడు. పెద్దవాళ్ళ స్వెటరు లావు ఊలుతో ఎనిమిది నంబరు సూదుల మీద అల్లినా 55,000 కుట్లు దాటుతుంది, యాభై గంటల పని. ఇంటి పనులు పోను మాలో ఒక్కొక్కరికి నికరంగా చిక్కేది రోజుకు మూడు గంటలు. అంటే పసిబిడ్డ స్వెటరు ఆరు రోజులు, పెద్దవాళ్ళది పదిహేడు రోజులు.

ఇప్పుడు ఒకే మనిషి మూడు పసిబిడ్డల స్వెటర్లు ఒకేసారి ఎక్కించి రోజుకొకటి చొప్పున అల్లిందనుకోండి. మూడూ పదహారో రోజుకో పద్దెనిమిదో రోజుకో గానీ సూది దిగవు. ఒకదాని తర్వాత ఒకటి అల్లితే మొదటిది ఆరో రోజున, రెండోది పన్నెండో రోజున, మూడోది పద్దెనిమిదో రోజున వస్తుంది. మనిషి పడే కష్టం ఒక్కటే. చివరిదాకా ఎదురుచూసేవాళ్ళు మాత్రం రెండో పద్ధతిలో ఒక్కరే, మొదటి పద్ధతిలో ముగ్గురు. కొత్త ఆర్డరు రాగానే బోర్డరు వేసి ఫోటో పంపితే మీకు నమ్మకం కుదురుతుందని అలా చేశాం. ఆ నాలుగు వేళ్ళ బోర్డరు ఫోటోలు మీకు బానే చేరాయి, స్వెటర్లే చేరలేదు.

అలాగని ఒకేసారి ఒక్కటే అల్లడం కూడా ఈ పనిలో కుదరదు. చిల్లులు చిల్లులుగా ఉండే జాలీ డిజైనుకి పగటి వెలుతురు కావాలి, పక్కన మాటలుండకూడదు. సూదికి వేయాల్సిన దారపు చుట్టు ఒక్కటి మరిచినా పది వరసల తర్వాత ఆకు వంకర పోతుంది. పొద్దు వాలాక, కరెంటు పోయినప్పుడు, అది ముట్టుకోలేం. అప్పుడు చేతికి అలవాటైన ప్లెయిన్ అల్లిక ఒకటి ఉండాలి. సన్న సూదుల మీద గంటన్నర దాటితే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, లావు సూదికో క్రోషే కొక్కేనికో మారితే చెయ్యి తేరుకుంటుంది. గుండీల కోసం ఆగాలి, ఉతికింది ఆరేదాకా ఆగాలి. ఆ ఖాళీలోకి వేరే పని రావడం మంచిదే. చెడిపోయేది ఎక్కడంటే, పక్కన పెట్టినదాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నప్పుడు.

ముందు బిగువు సంగతి. చేతి బిగువు రోజుకోలా ఉంటుంది. వరసగా అల్లుతుంటే ఆ తేడా కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. మూడు వారాలు పక్కనపెట్టి, ఈలోపు లావు ఊలు అల్లి, మళ్ళీ సన్న ఊలు పట్టుకుంటే మొదటి ఐదారు వరసలు బిర్రుగా వస్తాయి. 10 సెంటీమీటర్లకి 28 రావాల్సింది 30 వస్తే, అవే 140 కుట్లు 50 సెంటీమీటర్లు ఉండాల్సింది 46.7 అవుతాయి. మూడు సెంటీమీటర్ల పైన పోయాయంటే లోపల చొక్కా వేసిన బిడ్డకు గుండీ పెట్టడం కష్టమవుతుంది. ఒక ఆకాశనీలం స్వెటరు వీపు ముక్క ఇలాగే అయింది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చంక కిందికి రెండు వేళ్ళ దూరంలో అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. గీతకు కింద కుట్లు గుండ్రంగా, వదులుగా ఉంటాయి, పైన సన్నగా, దగ్గరగా ఉంటాయి. ఉతికితే సర్దుకుంటుందని కొందరంటారు. గొర్రె ఉన్నితో చేసిన ఊలయితే కొంత సర్దుకుంటుంది. సింథటిక్ ఊలైన యాక్రిలిక్‌లో ఆ గీత అలాగే ఉండిపోతుంది. 20 వరసలు విప్పేశాం. వరసకు 70 కుట్లు, మొత్తం 1,400, అంటే గంటా పది నిమిషాల పని. విప్పిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది, వెంటనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. తడిపి, చిన్న బరువు కట్టి ఆరేసి మళ్ళీ ఉండ చుట్టాలి. అందుకో రోజు.

దీనికి మందు, పక్కన పెట్టిన పని తీసుకోగానే దాని మీద సూది పెట్టకపోవడం. ప్రతి ఆర్డరుకూ మొదట అల్లే మచ్చు ముక్కను పారేయకుండా అదే సంచిలో ఉంచుతున్నాం. ముందు దాని మీద ఐదారు వరసలు అల్లి, స్కేలు పెట్టి 28 వస్తున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే అసలుదాని జోలికి వెళ్తాం.

బిగువు కన్నా ఎక్కువ నష్టం చేసింది సూదుల అప్పు. కొత్త పనికి పది నంబరు జత ఖాళీ లేకపోతే, ఆగి ఉన్న పని కుట్లను దారం మీదికి దించి ఆ సూదులు లాక్కుంటాం. నెల తర్వాత అది మళ్ళీ ఎక్కించేటప్పుడు చేతికి దొరికేది తొమ్మిది నంబరు, అంటే ఇంకాస్త లావైన 3.75 మిల్లీమీటర్లది (నంబరు తగ్గేకొద్దీ సూది లావు). కంటికి తేడా తెలియదు, పదిహేను వరసలయ్యాక ముక్క గంటలా విచ్చుకుంటుంది. నంబరు ఒకటే అయినా వెదురు సూదుల నుంచి స్టీలుకు మారితే కుట్టు జారుడు మారి, బిగువు మారిపోతుంది. ఆర్డరుకో సూదుల జత, అది పూర్తయ్యేదాకా దానిదే అని ఇప్పుడు కట్టుబాటు పెట్టుకున్నాం. జతలు లేకపోతే కొత్త ఆర్డరు మొదలు కాదు. నెల కన్నా ఎక్కువ ఆగాల్సిన పనిని మాత్రం సూది మీద వదలం. ఎక్కువ రోజులు సూదిని పట్టుకుని ఉన్న వరస సాగి గుర్తు పడిపోతుంది, కాటన్‌లో మరీను. నున్నటి దారం మీదికి దించి, సూదులను అదే సంచిలో కట్టి పెడుతున్నాం.

వరస మధ్యలో ఎంత పిలుపొచ్చినా ఆపకూడదు. సగం కుట్లు ఒక సూది మీద, సగం రెండో సూది మీద వదిలి లేస్తే, తిరిగొచ్చి వెనక్కి అల్లుకుంటూ పోతాం. ఒక పక్క రెండు వరసలు ఎక్కువై, తిరిగినచోట చిల్లు పడుతుంది. ఎప్పుడూ పర్ల్ వరస (లోపలి వైపు నుంచి అల్లేది) పూర్తిచేసి ఆపితే, మళ్ళీ కూర్చున్నప్పుడు నిట్ వరసే (పైవైపు నుంచి అల్లేది) మొదలని గుర్తుంటుంది. దాంతోపాటు ప్రతి సంచిలో ఒక అట్టముక్క: "10 నంబరు వెదురు. 94లో 52 అయ్యాయి. 56 దగ్గర చంక తగ్గింపు, రెండు పక్కలా నాలుగేసి కుట్లు." ఎవరు అల్లుతున్నారో పేరు కూడా. ఒక వస్తువు మొదట్నుంచి చివరిదాకా ఒకే చేతి మీద నడవాలి. ముందు భాగం ఒకరు, వెనక భాగం ఇంకొకరు అల్లితే పక్క అతుకు దగ్గర వరసలు కలవవు. చేతులు రెండూ పొడుగు వైరున్న సూది మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లుతున్నాం. పెంచాల్సిన కుట్టు రెండిటికీ ఒకే వరసలో పెరుగుతుంది, ఒక చెయ్యి పొడుగు ఒక చెయ్యి పొట్టి అవదు. మేజోళ్ళకూ ఇదే పద్ధతి. ఒకటి పూర్తయ్యాక రెండోదాన్ని వాయిదా వేసే బెడద తప్పుతుంది.

రంగు లాటు గురించి మీకూ తెలియాలి, ఎందుకంటే "ఇంకో రెండంగుళాలు పొడుగు పెంచండి" అన్న ఫోన్లు సగం పనయ్యాక వస్తుంటాయి. ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద లాటు నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో ఆ నంబరు, ఉంటుంది. రంగు పేరు ఒకటే అయినా లాటు మారితే ఛాయ మారుతుంది, కొట్లో ట్యూబ్‌లైటు కింద తెలియదు, ఎండలో చారలా కనిపిస్తుంది. ఆరు నెలల స్వెటరుకు 25 గ్రాముల ఉండలు ఐదు ఒకే లాటులో తీసుకుంటాం. పది పనులు ఒకేసారి నడిచినప్పుడు ఒకదాని ఉండ ఇంకొకదాని సంచిలోకి పోయింది, చివర్లో మెడపట్టీకి తక్కువైంది. అదే లాటు దొరక్కపోతే పాతది రెండు వరసలు, కొత్తది రెండు వరసలు చొప్పున పన్నెండు వరసల దాకా కలిపి అల్లితే ఛాయ తేడా కంటికి ఆనదు. బోర్డరు దగ్గర అలా చేయడానికి చోటుండదు. అందుకని వంటింటి డిజిటల్ కాటాలో ప్రతి ఆర్డరు ఊలూ తూచి అట్టముక్క మీద రాస్తున్నాం. ఒక వరస మొదలుపెట్టే ముందు ఒకసారి, అక్కణ్ణుంచి పది వరసలయ్యాక ఇంకోసారి తూస్తే మిగిలినది ఎన్ని వరసలకు వస్తుందో తెలిసిపోతుంది.

పట్టుచీరలున్నవాళ్ళకు ఒక మాట. కుచ్చులకు వాడే పట్టుదారం మీద ఊలు నూగు అంటితే తీయడం చాలా కష్టం. దులిపితే పోదు, గిల్లితే పట్టుదారం పోగు లేస్తుంది. పైట అంచు సుమారు 45 అంగుళాలు, అంగుళానికొకటి చొప్పున 45 కుచ్చులు. వాటిలో రెండిటికి తెల్ల నూగు పట్టినా చీరంతా పాతదిలా కనిపిస్తుంది. ఇకమీదట మంగళ, బుధవారాలు కుచ్చులకే. ఆ రెండు రోజులూ ఆ గదిలో ఊలు సంచి విప్పం. లేత రంగు ఊలుకు పసుపు భయం కూడా ఉంది. వంటింట్లోంచి వచ్చిన చేత్తో పట్టుకుంటే మరక. కంగారుపడి సబ్బు రాస్తే ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది. నీళ్ళతో జాడించి ఎండలో పెడితే పసుపు రంగు తనంతట తనే వెలిసిపోతుంది. మీ ఇంట్లో జరిగినా అంతే చేయండి.

ఆ ఎండే ఇప్పుడు లేదు. మన జిల్లాకు అసలు వానలు ఈ రెండు మూడు నెలలే. యాక్రిలిక్ స్వెటరు ఫ్యాను కింద ఒక రాత్రిలో ఆరుతుంది, కాటన్ శాలువాకు రెండు మూడు రోజులు పడుతుంది. తడి శాలువాను దండెం మీద వేస్తే నీళ్ళ బరువుకి జానెడు సాగుతుంది. దుప్పటి పరిచిన మంచం మీద కొలతకు పరచాలి, మంచం ఒక్కటే. తొందరపడి యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెడితే కుట్లు చచ్చుబడి నిగనిగలాడతాయి, మళ్ళీ ఎప్పటికీ లేవవు. అందుకే "ఇస్త్రీ చేసి ఇచ్చేయండి" అన్నా చేయడం లేదు.

ఇక తేదీలు. మెడ దాకా వచ్చిన రెండు పసిపిల్లల స్వెటర్లు కార్తీక పౌర్ణమిలోపు ఇస్తాం. మిగతా నాలుగూ, మేజోళ్ళూ కార్తీక మాసం ముగిసేలోపు. చీరలు వారానికి రెండు చొప్పున. తోరణాలు, శాలువా మార్గశిరంలో. పెద్దవాళ్ళ స్వెటర్లలో జడ డిజైనుది సంక్రాంతికి వారం ముందు వస్తుంది, రెండోది సంక్రాంతికి అందుతుందని మాట ఇవ్వలేం. అమెరికా పంపడానికే అయితే ఇప్పుడే చెప్పండి, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాం. ఇకపై ఒక్కొక్కరి చేతిలో రెండే పనులుంటాయి: ఒకటి పెద్దది, ఒకటి చెయ్యి మార్చుకోవడానికి చిన్నది. మీ వంతు వచ్చేదాకా ఊలు కొనిపెడతాం, కుట్లు ఎక్కించం, బోర్డరు ఫోటో పంపం. అనుకోకుండా తిరుమల ప్రయాణం పడి పిల్లలకు టోపీ కావాలంటే మాత్రం కాదనం. 30 గ్రాముల ఊలు, మూడు గంటల పని, చిన్నపనుల వాటాలో ఇమిడిపోతుంది.

వంతు కోసం రాసేవాళ్ళు నెలల వయసు ఒక్కటే రాయకండి, కొలతలు పంపండి. బిడ్డ చొక్కా మీదుగా చంకల కింద టేపు చుట్టి, బిగించకుండా వచ్చిన సెంటీమీటర్లు. దానికి ఐదు మేం కలుపుకుంటాం, మీరు కలపొద్దు. టోపీకి కనుబొమ్మల పైనుంచి తల చుట్టుకొలత. మేజోళ్ళకు పాదాన్ని కాగితం మీద ఆనించి, మడమ నుంచి పొడుగైన వేలి కొసదాకా గీత గీసి ఫోటో తీయండి, గీత పక్కన స్కేలు పెట్టడం మరిచిపోవద్దు.