మాజీ నిఘా అధికారి ఎక్కడ, ఎప్పుడు పనిచేశారో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎక్కడ ఉగ్రదాడి జరిగినా ఆ రాత్రే టీవీల్లో, తెల్లారితే పత్రికల్లో ‘నిఘా విభాగం మాజీ అధికారి’ అభిప్రాయం వస్తుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపినప్పుడూ అంతే. చనిపోయినవాళ్లలో మన కావలి, విశాఖ వాళ్లు కూడా ఉండటంతో ఆ రోజుల్లో ఇంటింటా టీవీల ముందు కూర్చుని ఆ మాటలు విన్నారు. కానీ మాట్లాడే మనిషి దేశం లోపలి నిఘా చూసే ఐబీలో చేశారా, విదేశీ నిఘా చూసే ‘రా’లో చేశారా, ఏ సంవత్సరాల్లో చేశారు, కశ్మీర్ వ్యవహారాలు చూశారా, శ్రీలంక వ్యవహారాలు చూశారా, ఇప్పుడు ఏదైనా కంపెనీకి సలహాదారుగా ఉన్నారా, ఏ పార్టీలోనైనా చేరారా అన్నది ఎక్కడా కనిపించదు. ఆ వివరాలు వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఇది చిన్న విషయం కాదు. కార్గిల్ సంగతే తీసుకోండి. యుద్ధానికి దాదాపు ఏడాది ముందు, 1998 జూన్‌లో, ఆ ప్రాంతంలో నియంత్రణ రేఖకు అవతల జరుగుతున్న కదలికలపై ఐబీ డైరెక్టర్ తన సంతకంతో ఢిల్లీలో పైవాళ్లకు లేఖ పంపారు. ఆ సమాచారం అందరికన్నా ఎక్కువ అవసరమైన ముగ్గురికి మాత్రం అది వెళ్లలేదు: ‘రా’ అధిపతి అయిన కార్యదర్శి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్, సైనిక నిఘా డైరెక్టర్ జనరల్. ఈ మాట అన్నది కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సమీక్షా కమిటీయే. 2000 ఫిబ్రవరిలో ఆ నివేదికను పార్లమెంటులో పెట్టారు. కార్గిల్‌లో నిఘా వైఫల్యం ఉందా అని అప్పట్లో ఐబీలో ఉన్న అధికారిని అడిగితే ‘మేం ముందే చెప్పాం’ అనొచ్చు. ‘రా’లో ఉన్నాయన ‘మాదాకా రానే లేదు’ అనొచ్చు. ఇద్దరిదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఎవరు ఎక్కడ కూర్చుని చూశారో తెలియకపోతే వినేవాళ్లకు ఏం అర్థమవుతుంది?

పెద్ద పదవి పేరు ఒక్కటి వేస్తే సరిపోతుందనుకోవడమూ తప్పే. ఎ.ఎస్. దులత్ గారిని ఎప్పుడూ ‘రా’ మాజీ చీఫ్ అనే పరిచయం చేస్తారు. ఆ కుర్చీలో ఆయన ఉన్నది 1999-2000లో, కొంతకాలమే. సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది ఐబీలో. కశ్మీర్‌లో మిలిటెన్సీ మొదలైన 1988-90 ప్రాంతంలో ఆయన ఐబీ తరఫున శ్రీనగర్‌లోనే ఉన్నారు. ఆ తర్వాత వాజ్‌పేయి హయాంలో ప్రధాని కార్యాలయంలో కశ్మీర్ వ్యవహారాలు చూశారు. కశ్మీరీ నాయకులతో మాట్లాడుతూనే ఉండాలని ఆయన ఎందుకు అంటారో ఈ వివరాలు చదివితే తెలుస్తుంది. ఆ వాదన నచ్చడం, నచ్చకపోవడం తర్వాతి సంగతి.

అమెరికా ప్రతినిధుల సభలో దీనికి ఒక నియమమే ఉంది. ప్రభుత్వంలో లేని వ్యక్తి కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలంటే తన ఉద్యోగ చరిత్ర రాసివ్వాలి. తాను మాట్లాడబోయే విషయంతో సంబంధమున్న ప్రభుత్వ కాంట్రాక్టులు, గ్రాంట్లు, విదేశీ ప్రభుత్వాల నుంచి అందిన డబ్బు కూడా చెప్పాలి. సభ బయట మాట్లాడేవాళ్లకు ఈ నియమం వర్తించదు. 2020 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నికల ముందు, 51 మంది మాజీ నిఘా అధికారులు ఒక బహిరంగ లేఖ రాశారు. డెమోక్రాట్ అభ్యర్థి జో బైడెన్ కొడుకు హంటర్ బైడెన్‌వని చెబుతున్న ఈమెయిళ్లు బయటికి రావడం వెనక రష్యా హస్తం ఉన్నట్టు కనిపిస్తోందన్నారు. తమ దగ్గర ఆధారం లేదని అదే లేఖలో ఒప్పుకున్నారు కూడా. పేర్ల పక్కన పాత పదవులన్నీ ఘనంగా ఉన్నాయి. అందులో కొందరు అప్పటికీ అమెరికా నిఘా సంస్థ సీఐఏతో కాంట్రాక్టులో ఉన్నారని రిపబ్లికన్ల ఆధ్వర్యంలోని సభా కమిటీలు 2024లో గానీ బయటపెట్టలేదు. అదే ఏడాది హంటర్‌పై తుపాకీ కేసులో ప్రాసిక్యూటర్లు ఆ ఈమెయిళ్లున్న ల్యాప్‌టాప్‌ను సాక్ష్యంగా కోర్టులో పెట్టారు. పాత ఉద్యోగంతో పాటు ఇప్పటి ఆదాయం ఎక్కడిదో కూడా తెలియాలనేది అందుకే.

మన దగ్గర పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఐబీ, ‘రా’ల పనితీరును పరిశీలించడానికి పార్లమెంటులో ప్రత్యేక కమిటీయే లేదు. అలాంటిది ఉండాలని 2010లో ఉపరాష్ట్రపతి హోదాలో హమీద్ అన్సారీ గట్టిగా చెప్పారు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు కూడా పెట్టారు. ఏమీ కాలేదు. దానికితోడు 2021 మేలో కేంద్రం పెన్షన్ నిబంధన మార్చింది. నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు సంస్థ అధిపతి అనుమతి లేకుండా తమ సంస్థ పరిధిలోని విషయాలేవీ ప్రచురించకూడదు. ఉద్యోగుల వివరాలు, వాళ్ల హోదాలు కూడా ఆ నిషేధంలోకి వస్తాయి. ఈ మేరకు వాళ్లు రాసిచ్చిన హామీ తప్పితే పెన్షన్ ఆపేయొచ్చు. అంటే ఆ మనిషి అభిప్రాయాన్ని తూచడానికి మనకు కావలసిన వివరమే చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

ఆపరేషన్ల గుట్టు, సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు ఎవరూ అడగడం లేదు. అవి బయటపడితే మనుషుల ప్రాణాలే పోతాయి. మారుపేరుతో విదేశాల్లో పనిచేసినవాళ్ల గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు. కానీ ఉన్నత పదవుల్లో పనిచేసి, తన పేరుతో, తన ముఖంతో జనం ముందుకొచ్చి యుద్ధం గురించీ శాంతి గురించీ సలహా ఇస్తున్న వ్యక్తి ఏ సంస్థలో, ఏ ఏళ్లలో పనిచేశారో చెబితే దేశ భద్రతకు వచ్చే నష్టం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

అందుకే రెండు విన్నపాలు. మీ పత్రికలో మాజీ నిఘా అధికారుల వ్యాసం గానీ, వ్యాఖ్య గానీ వేసినప్పుడు కింద రెండు లైన్లు కేటాయించండి: సంస్థ, కాలం, చూసిన ప్రాంతం, రిటైరయ్యాక చేరిన కంపెనీ లేదా పార్టీ. ఆయన చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ మాటే రాయండి. రెండోది, 2021 నిబంధన నుంచి కనీసం ఉన్నతాధికారుల హోదా, పనిచేసిన కాలం మినహాయించాలని మీ సంపాదకీయంలో కేంద్రాన్ని అడగండి.

– ఒక పాఠకుడు, తెనాలి