చెక్కుడు కత్తుల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలకు చెక్క బొమ్మలు చెక్కడం నేర్పుతున్నామనగానే మీలో చాలామంది అడిగింది ఒకటే: "పిల్లల చేతికి కత్తులా సార్?" 6 నుంచి 8 తరగతుల వాళ్లు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అది చెప్పకపోయినా, కొమ్ము బొమ్మలకు పేరున్న పర్లాకిమిడిలో పెరిగే పిల్లలకు పనిముట్టు పట్టుకోవడం రావాలని నా ఉద్దేశం.

కొందరు భయపడి మొండి కత్తి కొనిస్తామంటున్నారు. దయచేసి వద్దు. పదునున్న కత్తి మెల్లగా దిగుతుంది, ఆపినచోట ఆగుతుంది. మొండిదాన్ని బలం పెట్టి తోయాలి. అది జారితే ఆ బలమంతా చెక్క పట్టుకున్న చేతి మీదికే వస్తుంది.

మడత కత్తి వద్దు, నొక్కినప్పుడు వేళ్ల మీద మూసుకోవచ్చు. కూరగాయల కత్తి అలుగు, అంటే పిడి బయటి ఇనుప భాగం, పొడుగు, పలచన. చెక్కలో వంగుతుంది. అలుగు 4 నుంచి 6 సెంటీమీటర్లుంటే చాలు. పిడి మాత్రం పిల్లవాడి అరచేతి నిండా ఉండాలి, కాబట్టి వాణ్ణి వెంటబెట్టుకెళ్లి కొనండి. కార్బన్ స్టీలు పదును త్వరగా పడుతుంది, తుప్పూ అంతే త్వరగా పడుతుంది. మన వానలు మీకు తెలియనివి కావు, పని కాగానే తుడిచి ఒక చుక్క మిషను నూనె రాయించండి. కమ్మరి దగ్గర లారీ కమాను పట్టాతో చేయించినా బాగానే ఉంటుంది. వాదర, అంటే కోసే అంచు, కొడవలికంటే సన్నగా తీయమని మాత్రం ముందే చెప్పండి.

ఇక సాన. వీధిలో చక్రం తిప్పుకుంటూ వచ్చేవాళ్లకు ఈ కత్తి ఇవ్వకండి. కత్తిపీటకు ఆ సాన సరిపోతుంది. సన్నని వాదర చక్రం వేడికి నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడ్డట్టే, ఆ పైన ఎంత నూరినా పదును నిలవదు. ఇంట్లోనే మందపాటి అద్దం ముక్క మీద వాటర్ పేపర్ తడిపి పరవండి: ముందు 400 నంబరు, తర్వాత 1000, ఆపైన 2000. ఏటవాలు భాగం మొత్తం కాగితానికి ఆనాలి. వీపు ముందు, వాదర వెనక ఉండేలా లాగాలి. ఎదురు తోస్తే కాగితం కోసుకుపోతుంది. రెండో పక్క వాదర దగ్గర సన్నటి గరుకు తగిలాకే కత్తి తిప్పాలి. తగల్లేదంటే నూరుడు ఇంకా అంచుదాకా చేరలేదన్నమాట. ఆ గరుకును చూడటం పెద్దవాళ్ల పని: వేలిని వీపు నుంచి వాదర బయటికి జరపాలి, వాదర వెంబడి ఎప్పుడూ వద్దు.

ఆఖరున పాలిష్ ముద్ద పూసిన తోలు మీద అలాగే లాగితే గరుకు పోతుంది. పిల్లలు ప్రతి లాగుడు చివర మణికట్టు పైకెత్తేస్తారు, దాంతో వాదర గుండ్రమవుతుంది. అది ఒక్కటీ గమనిస్తే చాలు. పదును కుదిరిందో లేదో చెక్కే చెబుతుంది: కోసినచోట నున్నగా మెరవాలి, తెల్లటి గీతలు కనబడకూడదు.

ఇంట్లో మిగిలిన టేకు ముక్కలు పంపకండి. టేకులోని సిలికా వాదరను తినేస్తుంది. గుమ్మడి టేకు, అంటే ఇక్కడ గంభారి అని అడిగితే ఇచ్చేది, తెప్పించాం. పేరులో టేకు ఉన్నా అది వేరే చెట్టు.

కత్తి సంచిలో పెట్టి పంపవద్దు. పాతపట్నం నుంచి బస్సులో వచ్చే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మీరే వచ్చి ఆఫీసులో ఇవ్వండి, బీరువాలో తాళం వేసి ఉంచుతాం. చెక్క పట్టుకునే చేతికి గ్లవ్ మేమిస్తాం. అది కోతను ఆపుతుంది కానీ మొన పొడిస్తే ఆపలేదు, అందుకే పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెడతాం.

పాత తోలు బెల్టులుంటే పంపండి, సానకు వాడతాం. రెక్సిన్‌వి పనికిరావు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు