జీవో బొమ్మగా ఉంటే చూపులేనివారు చదివేదెలా?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ వెబ్‌సైట్లలో పెట్టే తెలుగు ఉత్తర్వులు, నోటిఫికేషన్లు ఇప్పటికీ ఎన్నో చూపులేనివారికి అందడం లేదు. కంప్యూటర్‌లో టైపు చేసిన కాగితాన్నే ప్రింటు తీసి, సంతకం, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తున్నారు. చూసేవారికి అవి అక్షరాలే కానీ కంప్యూటర్‌కు ఫొటో మాత్రమే. అంధుడైన మా తమ్ముడు అలాంటి ఉద్యోగ ప్రకటన తెరిస్తే, తెరమీది అక్షరాలను చదివి వినిపించేందుకు అతను వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ అది ఖాళీ పత్రమని చెప్పి ఊరుకుంటుంది. దరఖాస్తుకు గడువెప్పుడో, దివ్యాంగులకు ఎన్ని పోస్టులో కూడా ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే.

స్కాన్ చేయని ఫైళ్లతో మరో చిక్కు ఉంది. పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే పాతరకం ఫాంట్లతో కూర్చిన తెలుగు తెరమీద ముచ్చటగానే ఉంటుంది కానీ, దాని వెనుక ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలు కావడంతో స్క్రీన్ రీడర్ వాటినే అర్థంపర్థం లేకుండా వల్లిస్తుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. పైగా అందులో కావలసిన మాట వెతుక్కోవచ్చు, చదువురాని రైతు సైతం ఫోన్ చేత చదివించుకుని వినవచ్చు.

చట్టం లేక ఇలా జరుగుతున్నదని అనుకోలేం. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా దివ్యాంగులకు అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటి అందుబాటు ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణ) కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, ఒక అంధ న్యాయవాది వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్ 30న తీర్పునిస్తూ, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది.

దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. టైపు చేసిన అసలు ఫైలు కార్యాలయంలోనే ఉంటుంది కనుక, సంతకం చేసిన ప్రతితో పాటు యూనికోడ్ పాఠాన్నీ పెట్టనిదే ఏ జీవోనూ వెబ్‌సైట్‌లోకి ఎక్కించరాదని రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులు ఉత్తర్వు ఇవ్వాలి. తెలుగు దినపత్రికలు కూడా ఈ-పేపరు పుటలను బొమ్మలుగా వదిలేయకుండా, ప్రతి వార్తకూ చదవగలిగే పాఠం జోడించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు