కల్పిత డిటెక్టివ్‌ని నిజం మనిషిగా వినిపించిన ఎపిసోడ్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

నమస్కారం. మీ ఆడియో యాప్‌కి ఏడాది చందా కట్టిన శ్రోతని. 'నిజంగా జరిగిన నేరాలు' విభాగంలో హాలీవుడ్ నటుడు జార్జ్ రీవ్స్ మరణం మీద మీరు పెట్టిన ఎపిసోడ్ గురించి రాస్తున్నాను. ఇదే సంగతి యాప్‌లో రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదండీ, తప్పు చూపించాను.

ఎపిసోడ్ అంతా లూయీ సీమో అనే ప్రైవేట్ డిటెక్టివ్ చుట్టూ తిరిగింది. ఆయన ఆధారాలు పట్టుకోవడం, తన్నులు తినడం, కొడుకు దూరమవడం, అంతా వివరంగా చెప్పారు. ఆయన 2006లో వచ్చిన 'హాలీవుడ్‌ల్యాండ్' సినిమాలోని కల్పిత పాత్ర. ఏడ్రియన్ బ్రోడీ వేశాడు. సినిమావాళ్లు పాత్రని కల్పించుకోవచ్చు. మీరు దాన్ని ఎత్తుకొచ్చి "అక్షరాలా జరిగిన కథ" అని చెప్పించడం ఏం న్యాయం? పైగా రీవ్స్ చనిపోయిన రాత్రి కిటికీ బయట మంచు కురుస్తోందట. లాస్ ఏంజెలెస్‌లో, జూన్ నెలలో!

అసలు కేసులోనే కావలసినంత ఉంది. 1952 నుంచి 1958 దాకా టీవీలో సూపర్‌మ్యాన్‌గా వచ్చిన రీవ్స్, 1959 జూన్ 16న బెనెడిక్ట్ కాన్యన్‌లోని తన ఇంట్లో, మేడమీది పడకగదిలో, తలకి తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. వయసు 45. కింద కాబోయే భార్య, అతిథులు ఉన్నారు. అయినా పోలీసులకి వెంటనే ఫోన్ వెళ్లలేదు. ఆ గది నేలలో వేరే బుల్లెట్ రంధ్రాలు బయటపడ్డాయి. తుపాకీ మీద వేలిముద్రలు దొరకలేదు. అధికారులు ఆత్మహత్య అన్నారు. తల్లి హెలెన్ బెస్సోలో ఒప్పుకోలేదు. జెర్రీ గీస్లర్ అనే పేరుమోసిన లాయర్‌ని పెట్టుకుని, ప్రైవేట్ డిటెక్టివ్‌లతో ఆరా తీయించారు. అయినా ఆ తీర్పు మారలేదు. ఈ తల్లి పోరాటానికి మీ ఎపిసోడ్‌లో ఒక్క వాక్యం కూడా దక్కలేదు!

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ముగింపు. ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ సినిమా స్టూడియో అధికారి ఎడీ మానిక్స్ చేయించిన హత్య అని తేల్చేశారు. ఆయన భార్య టోనీతో రీవ్స్‌కి సంబంధం ఉన్నమాట నిజమే, దాన్నిబట్టి పుకార్లు పుట్టినమాటా నిజమే. కానీ ఏ కోర్టు ఆయన్ని దోషి అంది? మీరు కాపీ కొట్టిన సినిమాయే అలా అనలేదు, ఎలా జరిగి ఉండొచ్చో మూడు రకాలుగా చూపించి వదిలేసింది. స్క్రిప్ట్ రాసినవారు దాన్ని చివరిదాకా చూశారా అని నా అనుమానం.

ఈ ఎపిసోడ్‌ని 'నిజంగా జరిగిన నేరాలు' నుంచి తీసేయండి. కథల విభాగంలో ఉంచదలిస్తే, డిటెక్టివ్ పాత్ర కల్పితమని, హత్యారోపణ రుజువు కాలేదని మొదట్లోనే వినిపించండి. ఇప్పటికే విన్నవాళ్లకి యాప్‌లో సవరణ పంపండి. ఇవేవీ కుదరవంటే మిగిలిన నెలల చందా నా ఖాతాకి తిప్పి పంపండి. ఈసారి జవాబు మెషీన్‌తో కాకుండా, ఎపిసోడ్ విన్న మనిషితో రాయించగలరు.

ఇట్లు,
మీ చందాదారు,
విజయవాడ