రెక్క ఊగుతున్నదని జనాన్ని భయపెట్టకుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్ల విమానం కిటికీలకెల్లి తీసిన ఒక ఫోటో వేసిండ్రు, రెక్క కొస పైకి లేచి ఉన్నది, దాని మీద పెద్దక్షరాలతోని "గాల్లో వణికిన రెక్క" అని హెడ్డింగ్. పక్కింటి పిల్లగాడు అది మా పెద్దమ్మకు చదివి వినిపించిండు. దుబాయ్‌ల ఉన్న కొడుకు దగ్గరికి పోవాలని టికెట్ అయింది, శంషాబాద్ దాకా కారు మాట్లాడినం, మామిడికాయ తొక్కు డబ్బాకు టేప్ కూడా చుట్టినం, ఇప్పుడేమో నేను పోనంటే పోనని కూసున్నది.

నేను వైమానిక దళంల 20 ఏండ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గ, అంటే విమానం బాడీ, రెక్కలు చూసి రిపేర్ చేసే పని చేసిన, అందుకే రాస్తున్న.

రెక్క ఊగుడు రోగం కాదు సార్. మన చెల్క గట్టు మీది తాటిచెట్టు ఊగకుండ బిర్రుగ నిలబడితే మొదటి గాలిదుమారానికే విరుగుతది. రెక్కను కూడా వంగేటట్టే చేస్తరు. 2010 మార్చిల బోయింగ్ 787 రెక్కల్ని నేల మీదనే పెట్టి పైకి వంచి చూసిండ్రు, సర్వీసుల పడే అతి పెద్ద లోడ్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టిండ్రు, కొసలు దాదాపు 25 అడుగులు లేచినయ్, అయినా విరగలే. కిటికీలకెల్లి మనకు కనపడే ఊగుడు దాని ముందట ఎంత?

భయపడాల్సింది వేరే ఉన్నది, దాన్ని ఫ్లట్టర్ అంటరు. నల్లగొండ క్లాక్ టవర్ కాడ వదులుగ కట్టిన ఫ్లెక్సీని చూడుండ్రి, ఎవ్వరూ ఊపరు, గాలి సాఫీగ వచ్చినా అదే టపటపా కొట్టుకొని చినుగుతది. రెక్క వంగుడే కాదు, మెలి కూడా తిరుగుతది, మెలి తిరిగితే గాలికి ఎదురుండే కోణం మారుతది, కోణం మారితే లేపే బలం మారుతది. మామూలు స్పీడ్‌ల ఆ గాలే ఊపును అణుస్తది. ఒక స్పీడ్ దాటినంక మాత్రం వంగుడు, మెలి రెండూ జత కలిసి ప్రతి ఊపుకు గాలి నుంచి ఇంకింత బలం గుంజుకుంటయ్, అట్ల కొన్ని సెకండ్లల్లనే రెక్క పోవచ్చు. అందుకే పెద్ద విమానాలకు డిజైన్ డైవ్ స్పీడ్ (డిజైన్‌ల లెక్కవెట్టిన అన్నిటికంటే ఎక్కువ స్పీడ్) కంటే 15 శాతం ఎక్కువ దాకా ఫ్లట్టర్ రాదని చూపించినంకనే పర్మిషన్ ఇస్తరు.

ఇది కాగితం మీది లెక్కనే కాదు, చేతితోని చేసే పని. రెక్క వెనుక అంచుకు కదిలే పలక ఉంటది, ఐలరాన్ అంటం. చాలా విమానాలల్ల దాని కీలుకు ముందట బరువు బిగిస్తరు, వెనుక బరువెక్కితే ఫ్లట్టర్‌కు దారి దొరుకుతది. ఒకసారి మా దగ్గర కొత్తగ వచ్చిన పిల్లగాడు పాత రంగు గీకకుండనే ఇంకో కోటు వేసిండు, చూస్తే నున్నగ మెరుస్తున్నది, బ్యాలెన్స్ స్టాండ్ మీద పెడితే వెనుక అంచు మెల్లగ కిందికి వాలింది. రంగు బరువే అది! మొత్తం గీకి మళ్ల వేయించినం. కీలు వదులైందా అని అంచు పట్టుకొని ఊపి చూస్తం, గేజ్ పెట్టి కొలుస్తం.

1997 సెప్టెంబర్‌ల అమెరికాల మేరీల్యాండ్ ఎయిర్‌షోల ఎఫ్-117 ఫైటర్ ఎడమ రెక్క అందరి కండ్ల ముందటనే ఊడింది, పైలట్ ఎజెక్ట్ అయి బతికిండు. ఎంక్వైరీ చేస్తే ఎలివాన్‌ను (ఐలరాన్ అసొంటి కదిలే పలకనే) పట్టి ఉంచే కాడ నాలుగు ఫాస్టెనర్లు (బిగించే బోల్టులసొంటియి) లేవని, అందుకే అది వదులై కొట్టుకున్నదని తేలింది. నాలుగే! రాసేదుంటే అసొంటియి రాయండి సార్, మెయింటెనెన్స్ గురించి అడగండి, దాన్ని ఎన్నిసార్లు అడిగినా తక్కువనే.

మొన్నటి ఫోటోనే మళ్ల వేసి, రెక్క ఎందుకు వంగుతదో ఎవరన్న ఏరోనాటికల్ లెక్చరర్‌తోని నాలుగు ముక్కలు చెప్పించండి. మా పెద్దమ్మ ఫ్లైట్ వచ్చే శుక్రవారం, గురువారం లోపల వేస్తే అదే పిల్లగాడితోని చదివిపిస్త.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా